సాయంత్రం ఏడు దాటితే వైఫై ఈడ్చుకుపోతోంది, సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే ఉన్నాయి

కొర్లగుంట_కుర్రోడు
తిరుపతి కొర్లగుంటలో మిద్దె మీద పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. పగలంతా ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం ఏడయ్యేసరికి గోల మొదలవుతుంది. వీడియో కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందని అవతలివాళ్ళు అంటారు, కాసేపటికి బొమ్మ ఆగిపోతుంది. పదకొండు దాటాక మళ్ళీ మామూలే. నాది అమెరికా క్లయింట్ షిఫ్ట్, సరిగ్గా ఆ టైమ్‌లోనే మీటింగులు, రోజూ టెన్షనే. ఫోన్‌లో చూస్తే వైఫై గీతలు నిండుగా ఉంటాయి. కంపెనీకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా ఓకే సార్, ఇల్లు పెద్దదేమో, మెష్ తీసుకోండి" అంటున్నారు. మెష్ అంటే ఇల్లంతా రెండు మూడు వైఫై డబ్బాలు పెట్టడమట. ఇల్లు పెద్దదా! హాలు, ఒక గది, వంటిల్లు. రౌటర్ హాల్లో టీవీ వెనక ఉంది, నేను కూర్చునేది గదిలో, మధ్యలో ఒకే గోడ. పక్కన లాడ్జి, ఎదురుగా లేడీస్ హాస్టల్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సంకటి_ముద్ద
ఆఫ్ చేసి ఆన్ చేశావా అప్పా? అందరికంటే ముందు నేనే అడిగేశా.

కొర్లగుంట_కుర్రోడు
చెయ్యకుండా ఉంటానా సామీ. చేసినప్పుడల్లా కాసేపు బాగుంటుంది, మళ్ళీ మొదటికే.

తోతాపురి
ఇందులో వైఫై తప్పేం లేదు. సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరి సినిమాలు పెడతారు. కంపెనీవాళ్ళు ఒకే తీగ మీద వీధంతటికీ కనెక్షన్లు ఇచ్చేసి, 100 ఇస్తున్నామని బిల్లు మాత్రం పంపిస్తారు. మా ఎం.ఆర్.పల్లిలో ఇదే కథ. కంపెనీ మార్చు.

కేబుల్_మామ
తోతాపురి చెప్పింది జరగదని కాదు. ఫైబర్‌లో జీపాన్ అనే పద్ధతి ఉంది. ఒక పోర్టు నుంచి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు దిగుతాయి, దాన్ని స్ప్లిట్టర్లు పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. ఇరుకు అక్కడ ఉండొచ్చు, కంపెనీ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ దగ్గరా ఉండొచ్చు. కానీ చూడకుండానే కంపెనీ మార్చమంటే ఎలా? ఇంటర్నెట్ వేరు, వైఫై వేరు. నీ ఇంట్లో డబ్బా దాకా వచ్చేది ఇంటర్నెట్, ఆ డబ్బా నుంచి ల్యాప్‌టాప్ దాకా గాల్లో వచ్చేది వైఫై. ముందు రెండింటినీ విడదీసి చూడు. గోల జరుగుతున్న టైమ్‌లోనే రౌటర్‌కి ల్యాన్ వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చెయ్యి. వెంటనే వైరు పీకేసి, అదే చోట కూర్చుని వైఫై మీద చెయ్యి. పగలు చేసిన టెస్టు దండగ.

ఇంకోటి, రౌటర్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. అది -27 కంటే కిందికి పోకూడదు. -20 ప్రాంతంలో ఉంటే బెంగ లేదు.

మిద్దెమీద_మీనా
ఈ కాలం ల్యాప్‌టాప్‌లకు ల్యాన్ పోర్ట్ ఎక్కడుంది మామా? యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు గిగాబిట్‌ది అడగండి, చవకవి 100 దగ్గరే ఆగిపోతాయి.

కేబుల్_మామ
అతని ప్లానే 100 కదమ్మా, చవకది చాలు.

కొర్లగుంట_కుర్రోడు
ఫ్రెండ్ దగ్గర అడాప్టర్ తెచ్చి నిన్న రాత్రి ఎనిమిదిన్నరకు చూశాను. వైరు మీద 93, పింగ్ (మాట పోయి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 8. వైరు పీకేసి అదే టీవీ పక్కన వైఫై మీద చూస్తే 5. పింగ్ ఒక్కోసారి 400 దాటుతోంది. ఆప్టికల్ పవర్ -21. ఫోన్‌లో ఒక యాప్ వేసి చూశాను, వైఫై సిగ్నల్ -46 డీబీఎం అంటోంది. ఇది మంచిదా చెడ్డదా?

కేబుల్_మామ
లైను కడిగిన ముత్యం. ఇక కంపెనీవాళ్ళతో మాట్లాడి లాభం లేదు, గొడవంతా నీ ఇంటి గాలిలో ఉంది.

తోతాపురి
సరే, అతని లైను బాగుంది. మా లైను బాగాలేదు. నా మాట మీద నేనున్నా.

గాదంకి_గాలిపటం
ఒకటి అడుగుతా, నవ్వకండి. గాదంకిలో అంత పెద్ద రాడార్ ఉంది కదా, దానివల్ల కావచ్చా? మా ఊళ్ళో సగంమంది ఏ సిగ్నల్ పోయినా దాన్నే తిడతారు.

సంకటి_ముద్ద
నవ్వలేదు. కాఫీ పొలమారింది అంతే.

రేడియో_టీచరమ్మ
నవ్వాల్సిన ప్రశ్నేం కాదు. గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. 1024 యాగీ యాంటెన్నాలను నేల మీద పరిచి, ఆకాశం వైపు తరంగాలు పంపి, పై గాలుల కదలికలు చూస్తారు. దాని తరంగం పొడవు అయిదున్నర మీటర్ల పైమాట. మీ వైఫై 2400 మెగాహెర్ట్జ్ పైన, దాని తరంగం పన్నెండు సెంటీమీటర్ల చిల్లర. ఒకదాని దారికి ఒకటి రాదు. పైగా సాయంత్రం ఏడింటికే కొర్లగుంట మీద కోపం రావడానికి రాడార్‌కి కారణం లేదు.

ఇక అసలు విషయం. సిగ్నల్ -46 అంటే చాలా బలంగా ఉన్నట్టు. ఈ కొలతలో సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. ప్రతి 10 తగ్గినప్పుడు బలం పదో వంతు అవుతుంది. -65 దాకా కాల్స్‌కి ఇబ్బంది ఉండదు, -80 దాటితే కనెక్ట్ అయినా ఉపయోగం లేదు. అయితే ఫోన్ మీద గీతలు చెప్పేది "నీ రౌటర్ నాకు ఎంత గట్టిగా వినబడుతోంది" అన్నది మాత్రమే. అదే సమయంలో చుట్టూ ఇంకెంతమంది మాట్లాడుతున్నారో గీతలు చెప్పవు. ఆ యాప్‌లోనే చుట్టుపక్కల వైఫైలు, వాటి ఛానల్ నంబర్లు కనిపిస్తాయి. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి చూసి ఇక్కడ పెట్టండి.

నైట్‌షిఫ్ట్_నాగ
టీచరమ్మ వచ్చారంటే ఇక హోంవర్క్ తప్పదు.

కొర్లగుంట_కుర్రోడు
హోంవర్క్ ఇదిగో మేడమ్. రాత్రి తొమ్మిదికి: 1 మీద తొమ్మిది నెట్‌వర్కులు, 6 మీద పదమూడు, 11 మీద నాలుగు. 4లో రెండు, 8లో రెండు, 9లో ఒకటి. నాది ఆటోలో పెట్టి ఉంది, 6 మీద కూర్చుంది. లాడ్జి వాళ్ళవి ఫ్లోర్ పేర్లతో నాలుగు ఉన్నాయి, నాలుగూ 6 మీదే. వాటిలో రెండు నాకు -55లో కనిపిస్తున్నాయి, అంటే మా ఇంట్లోనే ఉన్నంత పని. మిగతావాటిలో చాలా ఫోన్ల పేర్లు. పొద్దున పదికి చూస్తే మొత్తం సగానికి సగం తగ్గాయి.

అలిపిరి_మెట్లు
ఫోన్ల పేర్లంటే హాట్‌స్పాట్‌లు. యాత్రికులు సాయంత్రానికి కొండ దిగి లాడ్జికి చేరతారు, లాడ్జి వైఫై పాకుతుంటే ఒకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి కుటుంబమంతా వాడుకుంటారు. హాట్‌స్పాట్ పెట్టిన ప్రతి ఫోనూ ఒక చిన్న రౌటరే. మాకూ పక్కన గెస్ట్‌హౌస్ ఉంది, బ్రహ్మోత్సవాలప్పుడు మా ఇంట్లో వైఫై కంటే నడిచి వెళ్ళి చెప్పడం త్వరగా అవుతుంది.

నైట్‌షిఫ్ట్_నాగ
3 మీద ఎవరూ లేరు కదా. ఖాళీగా ఉన్నదాన్ని పట్టుకోక ఇంత చర్చ ఎందుకు? 3 పెట్టుకో బాసూ.

రేడియో_టీచరమ్మ
వద్దు. ఖాళీగా ఉన్నట్టు కనిపించే 3 అన్నిటికంటే చెడ్డ చోటు.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా. మన దేశంలో 2005లో దీన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఇందులో 13 ఛానళ్ళు. 1కి మధ్యబిందువు 2412, 6కి 2437, 11కి 2462. పక్కపక్క ఛానళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, కానీ ఒక రౌటర్ ఆక్రమించే వెడల్పు 20కి పైనే. అంటే 3 మీద పెట్టిన రౌటర్ 1 మీద ఉన్నవాళ్ళనీ తొక్కుతుంది, 6 మీద ఉన్నవాళ్ళనీ తొక్కుతుంది. ఒకదానికొకటి తగలకుండా అందరూ సర్దుకునేవి 1, 6, 11.

ఒకే ఛానల్ మీద ఉన్నవాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంటుంది. వైఫై పరికరం మాట్లాడే ముందు చెవి పెట్టి వింటుంది, ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. రచ్చబండ దగ్గర ఒకరి తర్వాత ఒకరు మాట్లాడినట్టు. మంది పెరిగితే నీ వంతు ఆలస్యంగా వస్తుంది, కానీ వచ్చినప్పుడు నీ మాట వినబడుతుంది. పక్క ఛానల్ మీద ఉన్నవాడు పక్క వీధిలో మైకు పెట్టినవాడు. అతనికి మీ సభ సంగతి పట్టదు, మీకు అతని మాట అర్థం కాదు, రొద మాత్రం మిగులుతుంది. పంపిన ప్యాకెట్ పాడై మళ్ళీ పంపాలి, అదీ పాడైతే మళ్ళీ. పింగ్ 400 అయ్యేది అందుకే.

నైట్‌షిఫ్ట్_నాగ
మరి 13? అక్కడ ఎవరూ ఉండరు. నేను అదే వాడుతున్నా.

మిద్దెమీద_మీనా
13తో ఒక తలనొప్పి ఉంది. మా అక్క అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌కి మా వైఫై అసలు కనిపించలేదు. అక్కడ 12, 13 మామూలుగా వాడరు, అక్కడి కోసం చేసిన పరికరాలు కొన్ని వాటిని చూడవు. ఛానల్ 11కి మార్చగానే కనిపించింది. అప్పటిదాకా మా బావ "ఇండియా వైఫై" మీద చాలా మాట్లాడాడు.

రేడియో_టీచరమ్మ
పైగా 13 కూడా 11ని తగులుతుంది, 10 మెగాహెర్ట్జే కదా తేడా.

కేబుల్_మామ
ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగుండటం కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆటోలో పెట్టిన రౌటర్లు చాలావరకు ఆన్ అయ్యేటప్పుడే ఛానల్ వెతుక్కుంటాయి. ఆ క్షణంలో ఏది పలచగా ఉంటే అక్కడ కూర్చుంటాయి, తర్వాత అక్కడికి ఎంతమంది వచ్చినా కదలవు. కుర్రోడా, ముందు ఆటో తీసేసి 11 పెట్టు. ఛానల్ వెడల్పు అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది, 40 ఉంటే 20 చెయ్యి. 40 పెడితే ఉన్న 83లో సగం నువ్వొక్కడివే ఆక్రమించినట్టు, చుట్టూ అందరితో తగువే. కాగితం మీద స్పీడ్ రెట్టింపు, నిజంలో సగం.

సంకటి_ముద్ద
మా ఇంట్లో పరిస్థితి వేరు. మైక్రోవేవ్‌లో సంకటి వేడిచేస్తే నెట్ ఆగుతుంది. మా ఆవిడ సంకటి తీసి బయట పెడితే వస్తుంది. ఇది నా భ్రమా?

రేడియో_టీచరమ్మ
భ్రమ కాదు. మైక్రోవేవ్ లోపల ఉండే మాగ్నెట్రాన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంటే సరిగ్గా వైఫై బ్యాండ్ నడిబొడ్డున. లోపల వందల వాట్లు తిరుగుతాయి. తలుపు సందుల్లోంచి భద్రతా పరిమితిలోపు బయటికొచ్చే కాస్తంత కూడా, పదో వంతు వాటుతో మాట్లాడే వైఫై ముందు పెద్ద అరుపే. మామూలు ఓవెన్లలో మాగ్నెట్రాన్ కరెంటు సైకిల్‌లో సగంసేపే పనిచేస్తుంది. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి 10 మిల్లీసెకన్లు రొద, 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. అందుకే నెట్ పూర్తిగా చావదు, కుంటుతుంది.

గాదంకి_గాలిపటం
నీళ్ళు 2.45 దగ్గర ఊగుతాయి కాబట్టే ఓవెన్‌కి ఆ అంకె పెట్టారని చదివాను. అందుకే వైఫై కూడా మనుషుల్ని కొంచెం కొంచెం వేడిచేస్తుందట?

రేడియో_టీచరమ్మ
ఆ అంకె దగ్గర నీటికి ప్రత్యేకమైన ఊపేం లేదు. దాని చుట్టూ చాలా దూరం దాకా నీళ్ళు ఈ తరంగాలను పీల్చుకుంటాయి. పరిశ్రమలకు, ఓవెన్లకు ఆ ముక్కను విడిగా కేటాయించారు కాబట్టి అక్కడ పెట్టారు. వైఫై తర్వాత అదే ముక్కలోకి వచ్చింది, అమెరికాలో 1985లో ఆ బ్యాండ్‌ని లైసెన్సు లేని రేడియోలకు తెరిచాక. వేడి మాటకొస్తే, ఓవెన్ వందల వాట్లను ఒక ఇనప పెట్టెలో బంధిస్తుంది, రౌటర్ పదో వంతు వాటును ఇల్లంతా చల్లుతుంది. మీ రౌటర్ పక్కన పెట్టిన కాఫీ చల్లారకుండా ఉంటే చెప్పండి.

సంకటి_ముద్ద
చల్లారింది. ఇందాక పొలమారిన కాఫీయే అది.

చిత్తూరు_రాతిగోడ
మాది చిత్తూరు గిరింపేట, తాతగారు కట్టించిన రాతి ఇల్లు. ఇంటర్‌ఫియరెన్స్, అదే ఒకరి సిగ్నల్‌ని ఇంకొకరిది తొక్కడం, అంటే మా ఇంటికి రండి. హాల్లో 90, పక్క గదిలో 12, వెనక వంటింట్లో సున్నా. ఛానల్ ఏది మార్చినా అంతే.

కేబుల్_మామ
రాతిగోడా, నీది ఇంటర్‌ఫియరెన్స్ కాదు, అడ్డం. రెంటికీ మందు వేరు. ఇంటర్‌ఫియరెన్స్‌లో సిగ్నల్ బలంగానే ఉంటుంది, పని జరగదు, టైమ్‌ని బట్టి మారుతుంది. అడ్డం ఉంటే సిగ్నలే పడిపోతుంది, తెల్లవారుజామున మూడింటికి చూసినా అదే. నీ వంటింట్లో అంకె ఎంత?

చిత్తూరు_రాతిగోడ
-86.

కేబుల్_మామ
చూశావా. అడుగున్నర రాతిగోడ రెండు దాటేసరికి సిగ్నల్ అయిపోయింది. ఇనప బీరువా, ఫ్రిజ్, అద్దం వెనక పూత, ఇనప చువ్వలు నిండిన స్లాబు, నీళ్ళ ట్యాంకు, చేపల తొట్టి, అన్నీ ఇదే జాతి. లోహం తిప్పికొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కాస్త దయగలది.

నైట్‌షిఫ్ట్_నాగ
మనుషులు కూడా నీళ్ళే కదా. మా ఇంట్లో సంక్రాంతికి బంధువులొస్తే నెట్ పడిపోయేది. ఇన్నాళ్ళూ వాళ్ళు వీడియోలు చూడటం వల్ల అనుకున్నా.

మిద్దెమీద_మీనా
రెండూ కారణాలే. ముఖ్యంగా రెండోది.

తోతాపురి
రాతిగోడ గారూ, ఒక రిపీటర్ పెట్టుకోండి. సాకెట్‌కి తగిలించేస్తే అయిపోతుంది.

మిద్దెమీద_మీనా
ఒప్పుకోను. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటుంది, అదే రేడియోతో తిరిగి చెబుతుంది. ప్రతి మాటా గాల్లో రెండుసార్లు పలకాలి, స్పీడ్ సగానికి పడుతుంది. పైగా సిగ్నల్ లేని వంటింట్లోనే దాన్ని పెడతారు. దానికే వినబడకపోతే అది ఏం చెబుతుంది?

తోతాపురి
12 వచ్చే చోట పెడితే వంటింట్లో 6 వస్తుంది. వంటింట్లో 6 చాలదా? కుక్కర్ విజిల్ లెక్కపెట్టడానికి 100 కావాలా?

మిద్దెమీద_మీనా
చూస్తుంటే వంటింటి పని మీరెప్పుడూ చేసినట్టు లేదు.

కేబుల్_మామ
రాతి ఇంటికి వైరే దారి. హాలు నుంచి వంటింటి దాకా ఒక క్యాట్6 కేబుల్ లాగి, చివర పాత రౌటర్ ఒకటి పెట్టు. ఆ పాత దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పని) ఆపెయ్యి, దాని అడ్రస్ మెయిన్ రౌటర్ అడ్రస్‌తో కలవకుండా మార్చు, కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలకు ఇచ్చేది) పెట్టు. రెండింటికీ ఛానళ్ళు వేరువేరుగా ఉంచు, ఒకటి 1, ఇంకోటి 11. కేబుల్ కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగిదేనా అని అడుగు. అల్యూమినియం తీగకు పైపైన రాగి పూసినవి అమ్ముతున్నారు, చవకగా వస్తాయి, ఏడాదికే ఏడిపిస్తాయి.

అలిపిరి_మెట్లు
మిద్దె మీదుగా లాగితే పీవీసీ పైపులో వెయ్యండి. మా వైపు కోతులు కేబుల్ పట్టుకుని ఊగుతాయి. ఫోన్ చేసి కోతి తెంపిందని చెబితే కస్టమర్ కేర్ అమ్మాయి నమ్మలేదు, ఏ ఊరని అడిగి తర్వాత నమ్మింది.

చిత్తూరు_రాతిగోడ
ఇక్కడ కోతులు లేవు. ఎలుకలున్నాయి.

అలిపిరి_మెట్లు
వాటికీ పైపే.

కొర్లగుంట_కుర్రోడు
అప్‌డేట్. 11 పెట్టాను, వెడల్పు 40 ఉంటే 20 చేశాను. నిన్న రాత్రి తొమ్మిదికి 22 వచ్చింది, పింగ్ 60 ప్రాంతం. కాల్ తెగలేదు కానీ అవతలివాళ్ళ స్క్రీన్ షేర్ మసకగా ఉంది. వెంటనే ఒకరు హాట్‌స్పాట్ పెట్టారు, అదీ 11 మీదే. 5 గిగాహెర్ట్జ్‌కి పోదామని సెట్టింగులన్నీ వెతికాను, ఆ మాటే లేదు.

కేబుల్_మామ
డబ్బా మోడల్ నంబర్ పెట్టు.

కేబుల్_మామ
చూశాను. అది సింగిల్ బ్యాండ్ డబ్బా, 2.4 ఒక్కటే. చవక ప్లాన్లకు చాలామంది ఇవే ఇస్తారు. దీనికి మెష్ కొనమన్నారా? బలే వ్యాపారం. కంపెనీని డ్యూయల్ బ్యాండ్ డబ్బా, అంటే 2.4, 5 రెండూ ఉన్నది అడుగు, లేదంటే నీ సొంత డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కొని ఈ డబ్బాకి వైరుతో తగిలించి, ఈ డబ్బాలో వైఫై ఆపెయ్యి. ఆపడం మరిచిపోతే నీ ఇంట్లోనే నీకు ఇంకో శత్రువు.

రేడియో_టీచరమ్మ
5లో చోటు చాలా ఎక్కువ. 2018లో మన దేశం అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది, 2.4లో ఉన్న 83.5తో పోల్చుకోండి. ఛానళ్ళు ఒకదాన్నొకటి తొక్కవు. ఓవెన్ రాదు, బ్లూటూత్ రాదు. గోడలు మాత్రం దీన్ని ఎక్కువ ఆపుతాయి. లాడ్జి గోడలకూ అదే వర్తిస్తుంది కాబట్టి అది మీకు మేలే.

నైట్‌షిఫ్ట్_నాగ
5 కూడా స్వర్గమేం కాదు. మా రౌటర్ ఉన్నట్టుండి ఒక నిమిషం చచ్చిపోయి లేస్తుంది. 2.4 అలాగే ఉంటుంది, 5 పేరు మాత్రం మాయమవుతుంది.

రేడియో_టీచరమ్మ
ఛానల్ 52 నుంచి 144 మధ్యలో ఏదైనా ఉందా?

నైట్‌షిఫ్ట్_నాగ
100.

రేడియో_టీచరమ్మ
ఆ మధ్య ఛానళ్ళను రాడార్లతో పంచుకోవాలి. అక్కడ ఉన్న రౌటర్ రాడార్‌లా అనిపించే పల్స్ వినబడితే వెంటనే ఖాళీ చేసి వేరే చోటికి పోవాలి, అదీ ఆ మధ్య ఛానలే అయితే అక్కడ కూడా రాడార్ లేదని 60 సెకన్లు విన్నాకే మాట్లాడాలి. నిజంగా రాడారే అక్కర్లేదు, రౌటర్ పొరపడినా ఇదే జరుగుతుంది. 36 నుంచి 48 మధ్య గానీ, 149 నుంచి పైన గానీ పెట్టండి.

గాదంకి_గాలిపటం
అదిగో! రాడార్ అన్నారు! నేను ముందే చెప్పాను!

రేడియో_టీచరమ్మ
53 మెగాహెర్ట్జ్. పోయి చదువుకో నాయనా.

మిద్దెమీద_మీనా
బ్లూటూత్ మాట వచ్చింది కాబట్టి, మా వాడి కేసు. వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతోందని మౌస్ మార్చాడు, కొత్తదీ ఎగిరింది. దాని డాంగిల్ (మౌస్ మాట వినడానికి ల్యాప్‌టాప్‌కి గుచ్చే చిన్న ముక్క) పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పెట్టి ఉంది. యూఎస్‌బీ 3 వైరు నుంచి వచ్చే రొద 2.4 బ్యాండ్‌లో పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్‌తో దూరం జరిపితే సరిపోయింది. బ్లూటూత్ కొంచెం తెలివైనది, 79 ఛానళ్ళ మీద సెకనుకు 1600 సార్లు గెంతుతుంది, వైఫై ఉన్న చోట్లను వదిలేసి మిగతావాటిలో గెంతడం నేర్చుకుంది.

అలిపిరి_మెట్లు
వాన పడితే వైఫై తగ్గుతుందా? మా ఇంట్లో డిష్ టీవీ మాత్రం మబ్బు పడితే చాలు పోతుంది.

కేబుల్_మామ
డిష్ 12 గిగాహెర్ట్జ్ ప్రాంతం, ఎక్కడో 36 వేల కిలోమీటర్ల పైనుంచి రావాలి, వాన చినుకులకు దొరుకుతుంది. నీ హాలు నుంచి గదికి వానేం అడ్డం రాదు, ఇల్లు కారుతుంటే తప్ప. వానలో నెట్ పోతే కరెంటో, స్తంభం మీద పెట్టెలోకి నీళ్ళో చూసుకో.

తోతాపురి
ఇంతమంది ఇంత చెప్పే బదులు ఆ లాడ్జి వాడిని నాలుగు రౌటర్ల ఛానల్ మార్చమని అడగొచ్చు కదా? లేకపోతే కంప్లైంట్ పెట్టాలి.

సంకటి_ముద్ద
లేకపోతే ఆన్‌లైన్‌లో జామర్ కొని...

రేడియో_టీచరమ్మ
ఆ మాట సరదాకి కూడా వద్దు. జామర్ పెట్టుకోవడం, వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. ఇక కంప్లైంట్ సంగతి: లైసెన్సు లేని బ్యాండ్ అంటే ఎవరికీ రక్షణ లేని బ్యాండ్. వాళ్ళు పరిమితిలో వాడుతున్నంత వరకు మీకు అడ్డం వస్తున్నారని అడిగే హక్కు మీకు లేదు, వాళ్ళకూ లేదు. మర్యాదగా అడగడం ఒక్కటే దారి.

కొర్లగుంట_కుర్రోడు
అడిగాను. "మీ వైఫై కోసం మా వైఫై మార్చాలా" అన్నాడు మేనేజర్. సరే అని వచ్చేశాను. తర్వాత డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కొన్నాను, టీవీ వెనక నుంచి తీసి షెల్ఫ్ మీద నిలబెట్టాను, 5లో ఛానల్ 36. గదిలో సిగ్నల్ -61, రాత్రి తొమ్మిదికి 91, పింగ్ 9. స్క్రీన్ షేర్ అద్దంలా ఉంది. గీజర్‌కి పెట్టిన వైఫై ప్లగ్ ఒక్కటే గోల, దానికి 5 కనిపించదు.

మిద్దెమీద_మీనా
అలాంటి ప్లగ్‌లు, బల్బులు 2.4 మాత్రమే చూస్తాయి. కొత్త రౌటర్‌లో 2.4ని కూడా ఉంచి వేరే పేరు పెట్టు. ల్యాప్‌టాప్‌కి, ఫోన్‌కి ఆ పేరు ఇవ్వకు, ఇస్తే వాటంతట అవే అక్కడికి జారిపోతాయి. గీజర్ ఆన్ కావడానికి 1 ఎంబీపీఎస్ కూడా ఎక్కువే.

కొర్లగుంట_కుర్రోడు
అలాగే చేశానక్కా, పనిచేస్తోంది. ఇప్పుడు ఇంకో వింత. మా ఓనర్ ద్వారా సంగతి తెలిసి లాడ్జి మేనేజర్ వచ్చాడు. గెస్టులు రోజూ తిడుతున్నారట, వాళ్ళ వైఫై కూడా చూసిపెట్టమంటున్నాడు.

సంకటి_ముద్ద
"మా వైఫై కోసం మీ వైఫై మార్చాలా" అను.

కేబుల్_మామ
చూడు, పుణ్యముంటుంది, నీ గీజర్‌కీ మంచిది. ఫ్లోర్‌కి ఒకటి చొప్పున వరసగా 1, 6, 11, మళ్ళీ 1. నాలుగింటికీ వెడల్పు 20. పవర్ ఫుల్‌లో ఉంటే తగ్గించు. స్లాబు దాటి పై ఫ్లోర్‌కి అరవాల్సిన పని లేదు, ఎవరి ఫ్లోర్ వాళ్ళకి వినబడితే చాలు. పాత ఎన్‌క్రిప్షన్ టీకేఐపీ పెట్టి ఉంటే తీసెయ్, దానితో స్పీడ్ 54 దాటదు.

చిత్తూరు_రాతిగోడ
కేబుల్ లాగించాను. వంటింట్లో 88. గోడకు కన్నం పెట్టడానికి వచ్చినతను రాయి చూసి రేటు పెంచాడు.

తోతాపురి
అందరివీ అయ్యాయి కదా. నిన్న రాత్రి నేను కూడా వైరు పెట్టి చూశాను. వైరు మీదే 14. చెప్పానా, లేదా?

కేబుల్_మామ
చెప్పావు. ఆప్టికల్ పవర్ ఎంత?

తోతాపురి
-29.4

కేబుల్_మామ
అయితే ఊరంతా సినిమాలు చూడటం వల్ల కాదు. ఎక్కడో ఫైబర్ వంగి నలిగి ఉండాలి, లేదా కనెక్టర్‌లో మురికి. డబ్బా వెనక వైరు మడత పడి ఉందేమో ముందు చూడు. లేకపోతే కంప్లైంట్‌లో "నెట్ స్లో" అని రాయకు, "పవర్ -29.4" అని రాయి. ఆ అంకె చూస్తే ఫోన్‌లో ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని చెప్పరు, మనిషిని పంపుతారు.

తోతాపురి
బీరువా జరిపి చూశాను. వైరు దాని కాలు కింద ఉంది.